టాంజానియాలో రెండేళ్ల ఉద్యోగం: ఎండా దోమలూ మనకు తెలిసినవే అనుకునేవాళ్లకు

మీరు అడిగినవి ఒకసారి వరుసగా పెట్టుకుంటాను. ఫిబ్రవరిలో దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగంలో చేరుతున్నారు, రెండేళ్ల కాంట్రాక్టు. మూడు నెలలయ్యాక మీ ఆవిడనూ నాలుగేళ్ల పాపనూ రప్పించుకోవాలనుకుంటున్నారు. మలేరియా మాత్రలు రెండేళ్లూ మింగాలా, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి, కంపెనీవాళ్లు ముందు విజిట్ వీసా మీద వచ్చేయమంటున్నారు, రావచ్చా, సెలవుల్లో ఎక్కడెక్కడ తిరగొచ్చు అని అడిగారు. అడిగి, చివర్లో "ఎండలూ దోమలూ మనకు కొత్తేం కాదు కదా" అన్నారు. నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. నా అనుభవంలో ఇక్కడ జబ్బుపడే మనవాళ్లలో ఎక్కువమంది ఆ చివరి మాట అన్నవాళ్లే. చలిదేశాల నుంచి వచ్చేవాళ్లు భయపడి అన్నీ చదువుకుని వస్తారు. మనం ధీమాగా వస్తాం. అందుకని ముందు ఆ ధీమా సంగతి చూద్దాం.

ముందు ఎండ. దార్‌లో థర్మామీటరు చూస్తే మీకు నవ్వొస్తుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పగలు 31, 32 డిగ్రీలు, అంతే. విజయవాడ మే నెల చూసినవాడికి అదొక ఎండేనా అనిపిస్తుంది. కానీ ఇక్కడ గాలి నిండా తేమ, చెమట ఆరదు. రాత్రి కూడా పెద్దగా చల్లబడదు కాబట్టి ఒంటికి విశ్రాంతి దొరకదు. మీరు దిగేది సరిగ్గా ఆ కాలంలోనే. ఒళ్లు అలవాటు పడటానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో సైటు పని ఉంటే ఉదయం పదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. ఒట్టి నీళ్లే కాకుండా ఉప్పు కూడా లోపలికి పోవాలి. ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉంచుకోండి, లేదా ఉప్పేసిన మజ్జిగ. జూన్ నుంచి ఆగస్టు దాకా మాత్రం ఊరు హాయిగా ఉంటుంది. ఆగ్నేయం నుంచి గాలి వీస్తుంది, తెల్లవారుజామున 20 దాకా దిగుతుంది. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి మన చలికాలం ఇక్కడ ఎండాకాలం, మన వానాకాలం ఇక్కడ చల్లని కాలం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ తేడా గుర్తుంటే చాలు.

ఇంకో తేడా వెలుతురుది. ఏడాది పొడుగునా పొద్దు ఆరున్నరకు అటూ ఇటుగా వాలుతుంది, వాలాక అరగంటలోపే చిమ్మచీకటి. వేసవి సాయంత్రాలు పొడుగ్గా ఉంటాయి, ఏడు దాకా పాపను బయట ఆడించుకోవచ్చు అనుకోకండి. చీకటి పడే వేళకే దోమ లేస్తుంది.

ఇక అసలు సంగతి, మలేరియా. మన దగ్గర మలేరియా అంటే చాలామందికి వైవాక్స్ రకమే తెలుసు. నాలుగు రోజులు వణికి, క్లోరోక్విన్ వేసుకుని లేచి పనికి పోయే జ్వరం. ఇక్కడ ఉన్నది దాదాపు అంతా ఫాల్సిపారం. చికిత్స ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడు దాకా, కిడ్నీల దాకా పోగలిగిన రకం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు చిన్నప్పటి నుంచి పదేపదే సోకి కొంత నిరోధం వస్తుంది. మనకు అది సున్నా. ఆఫీసులో పక్క సీటు అతను జ్వరంతోనే పనికి వచ్చి మాత్రలు వేసుకుని తిరుగుతుంటే, చూసి మీరూ అలా చేయకండి. అతని ఒళ్లు వేరు, మీ ఒళ్లు వేరు. ఇంటి నుంచి క్లోరోక్విన్ తెచ్చుకోవడం కూడా దండగ. అది పని చేయడం లేదని టాంజానియా 2001లోనే దాన్ని పక్కన పెట్టింది, 2006 నుంచి ఆర్టిమెథర్-లుమెఫాంట్రిన్ ఇస్తున్నారు. మందుల షాపుల్లో "ఆలు" అంటారు, "మ్సేటో" అన్నా ఇస్తారు.

మీ ప్రశ్నకు జవాబు: రెండేళ్లూ రోజూ మాత్ర మింగే విదేశీ ఉద్యోగులు నాకు తెలిసి చాలా తక్కువ. అలాగని మొదటి రోజు నుంచే మానేయమని చెప్పను. మీరు వచ్చేది వానలకు ముందు, తర్వాత వచ్చేది దోమల కాలం, ఇల్లు ఇంకా కుదిరి ఉండదు, మంచి ఆసుపత్రి ఎక్కడుందో తెలిసి ఉండదు. ఆ మొదటి నెలల్లో మాత్రలు వాడటం తెలివైన పని. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకొకటి, మలేరియా ప్రాంతం వదిలాక ఏడు రోజులు. డాక్సీసైక్లిన్ చవక, కానీ వదిలాక నాలుగు వారాలు వేసుకోవాలి, ఎండకు చర్మం తొందరగా మాడుతుంది, మీ పాప వయసు పిల్లలకు ఇవ్వరు. పాపకు ఏది, ఎంత అన్నది బరువును బట్టి పిల్లల డాక్టరు రాయాలి. మీ ఆవిడ గర్భంతో ఉన్నా, ఆ ఆలోచన ఉన్నా ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం, కొన్ని మాత్రలు వాళ్లకు పనికిరావు.

మాత్రల కంటే నేను ఎక్కువ నమ్మేది రెండింటిని. ఒకటి, మందు పట్టించిన దోమతెర. ఏసీ ఉంది కదా అని తెర మానేయకండి, కరెంటు పోయేది అర్ధరాత్రే. తెరలు మోసుకురానక్కర్లేదు, అరుషాలోనే పెద్ద ఫ్యాక్టరీ ఉంది, ఇక్కడ ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. రెండోది, జ్వరం వచ్చిన రోజే పరీక్ష. రేపు చూద్దాం, రెండు పారాసెటమాల్ వేసి చూద్దాం అనేది ఈ ఊళ్లో లేదని మనసులో రాసుకోండి. వేలి చివర రక్తపు చుక్కతో చేసే ర్యాపిడ్ టెస్టు పావుగంటలో తేలుస్తుంది, చిన్న క్లినిక్కులో కూడా ఉంటుంది. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి, రక్తపు స్లైడ్‌ను మైక్రోస్కోపులో కూడా చూడమనాలి. పాజిటివ్ వస్తే మందు డాక్టరు చూసి ఇస్తాడు. పెద్దలకైతే మామూలుగా పూటకు నాలుగు మాత్రలు, మూడు రోజుల్లో ఆరు పూటలు, రెండో పూట మొదటిదానికి ఎనిమిది గంటలకే. ఏదైనా నెయ్యి, పాలు, కొవ్వు ఉన్న తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. రెండో రోజుకు జ్వరం దిగగానే మిగతా మాత్రలు డ్రాయరులో పడేసేవాళ్లను చాలామందిని చూశాను. అలా చేయొద్దు.

దీనికి అటువైపు ఇంకో తప్పు జరుగుతుంటుంది. కొన్ని చిన్న క్లినిక్కుల్లో ఏ జ్వరానికైనా "మలేరియా, టైఫాయిడ్ రెండూ ఉన్నాయి" అని చీటీ రాసిచ్చేస్తారు. టైఫాయిడ్ అన్నది వైడాల్ పరీక్ష చూసి అంటారు, దాన్ని అంతగా నమ్మలేం. మలేరియా అంటే రిపోర్టులో పరాన్నజీవి కనిపించిందా అని అడగండి. ఎందుకంటే దార్‌లో డెంగీ కూడా ఉంది. 2014లో, 2019లో పెద్దగానే వ్యాపించింది. డెంగీకి బ్రూఫెన్, డైక్లోఫెనాక్ సూది ప్రమాదం, మలేరియా అనుకుని ఒళ్లునొప్పులకు ఆ సూదే వేస్తారు. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, తెర దాన్ని ఆపదు. ఇంట్లో బకెట్లు, కుండీల కింద పళ్లేలు ఖాళీ చేస్తుండటం, పాపకు పొడుగు చేతుల చొక్కా, దోమలను తరిమే డీట్ మందు ఉన్న క్రీము, అంతకు మించి మార్గం లేదు. ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. దోమ కుట్టాక మలేరియా బయటపడటానికి కనీసం వారం పడుతుంది. కాబట్టి దిగిన మూడో రోజు జ్వరం వస్తే అది ఇక్కడ అంటిన మలేరియా కాదు, ఇంకేదో. సెలవుకు ఇంటికెళ్లాక మూడు నెలల్లోపు ఏ జ్వరం వచ్చినా అక్కడి డాక్టరుతో మొదటి మాటగా "నేను ఆఫ్రికా నుంచి వచ్చాను" అనాలి. అడగనిదే ఎవరికీ తట్టదు, ఫాల్సిపారం అని తేలేసరికి రోజులు పోతాయి.

ఎల్లో ఫీవర్ టీకా గురించి గందరగోళం ఎక్కువ. ఆ జ్వరం ఉన్న దేశం నుంచి వచ్చేవాళ్లను, అలాంటి దేశంలో విమానం మారడానికి 12 గంటలకు మించి ఆగినవాళ్లను టాంజానియా కార్డు అడుగుతుంది. మీరు ముంబయి నుంచి నేరుగా వస్తే నియమం ప్రకారం అక్కర్లేదు. అయినా వేయించుకునే రండి. రేపు నైరోబీకో కంపాలాకో ఆఫీసు పని పడుతుంది. అక్కణ్ణుంచి కార్డు లేకుండా మన దేశంలో దిగితే ఆరు రోజులు క్వారంటైన్‌లో కూర్చోబెట్టే అధికారం మన విమానాశ్రయం వాళ్లకు ఉంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటే. కాబట్టి బయల్దేరే ముందు వారం దాకా ఆగకండి. దాంతోపాటు టైఫాయిడ్, హెపటైటిస్ ఏ కూడా ముగ్గురికీ చూసుకోండి.

వీసా విషయంలో కంపెనీ మాటకు లొంగొద్దు. విజిట్ వీసా 50 డాలర్లు, ఆన్‌లైన్‌లో వస్తుంది, తేలిక. ఆ తేలికే ఉచ్చు. దాని మీద పని చేయడం నేరం. ఉద్యోగానికి రెండు కాగితాలు కావాలి. లేబర్ కమిషనర్ ఇచ్చే వర్క్ పర్మిట్, ఇమిగ్రేషన్ ఇచ్చే క్లాస్ బి రెసిడెన్స్ పర్మిట్. రెండింటికీ దరఖాస్తు చేయాల్సింది కంపెనీయే. 250 డాలర్ల బిజినెస్ వీసా ఒకటుంది, అది కొద్ది రోజుల ప్రత్యేకమైన పనికి, రెండేళ్ల కొలువుకు కాదు. ఆఫీసులకూ సైట్లకూ తనిఖీలకు వస్తారు. పట్టుబడితే కంపెనీకి జరిమానా, మీకు జరిమానాతో పాటు దేశం వదలాల్సిన పరిస్థితి. "అందరూ ఇలాగే వచ్చారు" అన్నది నిజమే కావచ్చు, ఆ అందరిలో కొందరిని వెనక్కి పంపించడం కూడా నిజం. పర్మిట్ వచ్చాకే టికెట్ కొంటానని మెయిల్‌లో రాసి పెట్టండి. మీ ఆవిడకూ పాపకూ డిపెండెంట్ పాస్ వస్తుంది. దాని మీద ఆవిడ ఉద్యోగం చేయకూడదు. ఇంటి దగ్గర చిన్న వ్యాపారం అన్న ఆలోచన ఉంటే అదీ కష్టమే. 2025 జులైలో విదేశీయులు చేయకూడని 15 రకాల చిన్న వ్యాపారాల జాబితా ప్రకటించారు. సెలూన్, మొబైల్ రిపేరు, మొబైల్ డబ్బు ఏజెన్సీ, చిల్లర దుకాణాలు లాంటివన్నీ అందులో ఉన్నాయి.

ఇంకొక మాట, ఇది కాగితం మీద కంటే ఆఫీసులో ఎక్కువ పనికొస్తుంది. 2015 నాటి విదేశీ ఉద్యోగుల చట్టం ప్రకారం మిమ్మల్ని పెట్టుకునే కంపెనీ, మీ పనిని ఒక టాంజానియన్‌కు నేర్పే ప్రణాళిక చూపించాలి. మీ కింద పనిచేసే కుర్రాడు రేపు మీ కుర్చీలో కూర్చోవలసినవాడు. ఆ సంగతి అతనికి తెలుసు. మీకూ తెలిసినట్టు నడుచుకుంటే సగం తలనొప్పులు ఉండవు. పని దాచుకుని, అరిచి, "వీళ్లింతే" అనే మనవాళ్లు ఉన్నారు. వాళ్ల పర్మిట్ రెన్యువల్ అప్పుడు ఎవరూ వాళ్ల పక్షాన నిలబడరు.

జీతం మాట్లాడుకునేటప్పుడు చేతికొచ్చేదెంత అని అడగండి. నెలకు పది లక్షల షిల్లింగులు దాటిన భాగం మీద 30 శాతం పన్ను. అది చాలా పెద్ద మొత్తంలా వినిపిస్తుంది కానీ డాలరుకు 2,500 అటూ ఇటూ వేసుకుంటే నాలుగు వందల డాలర్లే. పైగా ఎన్ఎస్ఎస్ఎఫ్ అనే భవిష్య నిధికి జీతంలో 20 శాతం, మామూలుగా మీది సగం కంపెనీది సగం. ఆఫర్ లెటరులో ఉన్న అంకె ఇవన్నీ పోకముందుదా, పోయాకదా అన్నది సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

ఇల్లు. డబ్బున్న విదేశీయులు మసాకి, ఆయిస్టర్ బే వైపు ఉంటారు, సముద్రం మూడు వైపులా ఉంటుంది, అద్దె మోత. మనవాళ్లలో చాలామంది ఉపాంగాలో, కిసుతు చుట్టుపక్కల ఉంటారు. తరాల క్రితం వచ్చిన గుజరాతీలు ఎక్కువగా ఉండే ప్రాంతం అది, గుళ్లు, కూరగాయల మార్కెట్టు, పప్పుల కొట్లు నడిచి వెళ్లే దూరం. పాపతో కొత్తగా వచ్చే కుటుంబానికి నేనైతే ఉపాంగాయే చెప్తాను. మికోచెని పేట ఈ రెండింటికీ మధ్యస్థం. ఆఫీసు ఎటువైపు ఉందో చూడకుండా మాత్రం ఇల్లు తీసుకోకండి, ఈ ఊరి ట్రాఫిక్ మీ సాయంత్రాలను మింగేస్తుంది. ఎండాకాలంలో చూసిన ఇల్లు వానలో ఎలా ఉంటుందో వాచ్‌మన్‌ను, పక్కింటివాళ్లను అడగండి. జంగ్వాని లోయలో మ్సింబాజి ఏరు పొంగితే ఊరు రెండు ముక్కలవుతుంది, పల్లపు వీధులు చెరువులవుతాయి.

దళారీ చూపించే ఇంట్లో పాలరాయి, కొత్త ఏసీలు చూసి మురిసిపోకండి. చూడాల్సినవి వేరే. కిటికీలకు దోమల జాలీ చిరగకుండా ఉందా, తలుపు కింద సందు ఉందా. రెండు వైపులా కిటికీలుండి గాలి ఆడుతుందా. నీళ్ల ట్యాంకు ఎంత పెద్దది, మోటారు ఎవరిది, మునిసిపల్ నీళ్లు వారంలో ఎన్ని రోజులు వస్తాయి. జనరేటరు ఉందా, డీజిల్ ఎవరు పోస్తారు. కరెంటు మీటరు మీకు విడిగా ఉందా. ఇక్కడ కరెంటు లూకు అనే ప్రీపెయిడ్ పద్ధతి, ఫోన్‌లో డబ్బు కడితే 20 అంకెల నంబరు వస్తుంది, మీటరులో కొట్టుకోవాలి. మీటరు ఇద్దరికీ కలిపి ఉంటే పక్కింటివాళ్ల ఏసీ బిల్లు మీ నెత్తిన. రుఫీజి నది మీద 2,115 మెగావాట్ల నైరెరె జలవిద్యుత్ కేంద్రం 2024 నుంచి నడుస్తోంది కాబట్టి కోతలు మునుపటంత లేవు, వోల్టేజి ఎగుడుదిగుళ్లు మాత్రం ఉన్నాయి. ఫ్రిజ్‌కూ టీవీకీ స్టెబిలైజరు తప్పదు. ప్లగ్గులు చాలాచోట్ల మూడు చదరపు కాళ్ల బ్రిటిష్ రకం, మన మిక్సీకి అడాప్టరు కావాలి. అద్దె ఆరు నెలలది, ఒక్కోసారి ఏడాదిది ముందే అడుగుతారు. మూడు నెలలకు బేరమాడండి, కుదురుతుంది. 2025 మార్చి నుంచి దేశంలోపలి ధరలు డాలర్లలో చెప్పకూడదు, అద్దె ఒప్పందం షిల్లింగుల్లోనే రాయించుకోండి.

సముద్రపు గాలి ఇనుమును తింటుంది, తేమ తోలునూ పుస్తకాలనూ బూజు పట్టిస్తుంది. పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు, కెమెరా లెన్సులు మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి. పట్టుచీరలు ఒకటి రెండు చాలు. బట్టలు బయట ఆరేస్తే, ముఖ్యంగా లోదుస్తులూ పాప బట్టలూ, ఇస్త్రీ చేసే వేసుకోవాలి. తడి బట్టల మీద గుడ్లు పెట్టే ఈగ ఒకటుంది, దాని పురుగు చర్మంలోకి దూరి కురుపులా లేస్తుంది. ప్రాణం మీదికి రాదు, కానీ చూస్తే అన్నం సహించదు. కుళాయి నీళ్లు కాచి వడపోసుకోవాల్సిందే.

తిండి గురించి మీ ఆవిడ బెంగపెట్టుకున్నారన్నారు. అక్కర్లేదు. తోటకూరను మ్చిచా అంటారు, ప్రతి వీధిలో కట్టలుగా అమ్ముతారు. బెండ, వంకాయ, కొబ్బరి, చింతపండు, కర్రపెండలం, పచ్చిమిర్చి అన్నీ ఉన్నాయి. కంది ఈ దేశంలో పండేదే, మన దేశానికే ఎగుమతి అవుతుంది. క్యేలా బియ్యం సువాసనతో ఉంటుంది, మన సన్నబియ్యం మీద బెంగ ఒక నెలలో తీరుతుంది. ఆవకాయ, ఇంగువ తెచ్చుకుంటే చాలు. సర్దేటప్పుడు పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు పెట్టకండి, 2019 జూన్ నుంచి నిషేధం.

మాట. ఇంగ్లీషుతో ఆఫీసు గడిచిపోతుంది, ఊరు గడవదు. స్వాహిలి కష్టమైన భాష కాదు, మాటలు అచ్చుతో అంతమవుతాయి కాబట్టి మన నోటికి తొందరగా పడుతుంది. ముందు పలకరింపులు నేర్చుకోండి. ఇక్కడ పలకరించకుండా నేరుగా పని అడగడం మొరటుతనం. పెద్దవాళ్లకు "షికమో" అంటే వాళ్లు "మరహబా" అంటారు, అంతటితో సగం తలుపులు తెరుచుకుంటాయి. గంటల లెక్క మాత్రం జాగ్రత్త. స్వాహిలిలో రోజు పొద్దుపొడుపుతో మొదలవుతుంది, మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి. బస్సువాడు "సా మ్బిలి" అంటే రెండు గంటలకు అని అర్థం, కానీ బస్సు బయల్దేరేది ఉదయం ఎనిమిదికి. ప్లంబరు అయినా డ్రైవరు అయినా, ఇంగ్లీషు టైమా స్వాహిలి టైమా అని అడిగి తేల్చుకోండి.

డబ్బు అంతా ఫోన్‌లోనే నడుస్తుంది. ఎం-పెసా, ఎయిర్‌టెల్ మనీ, మిక్స్ లాంటివి. పాస్‌పోర్టు, వేలిముద్రలతో సిమ్ ఇస్తారు. బొప్పాయిలమ్మే ఆవిడ దగ్గర కూడా "లిపా నంబా", అంటే డబ్బు కట్టే నంబరు, బోర్డు ఉంటుంది. అయినా ఇంట్లో కొంత నగదు, వారానికి సరిపడా పప్పూ ఉప్పూ, ఒక నిండు గ్యాసు సిలిండరు ఎప్పుడూ ఉండాలి. 2025 అక్టోబరు 29న ఎన్నికల నాడు గొడవలు మొదలై దార్‌లో కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. అలాంటి రోజుల్లో ఫోన్‌లో ఉన్న డబ్బు అక్కరకు రాదు. దిగిన వారంలోనే భారత హైకమిషన్ దగ్గర పేర్లు నమోదు చేయించుకోండి, వాళ్ల ఆఫీసు దార్‌లోనే ఉంది. రాజకీయాల గురించి నలుగురిలో, ఆన్‌లైన్‌లో మాట్లాడకపోవడమే మనకు మంచిది. పోలీసులను, మిలిటరీవాళ్లను, ప్రభుత్వ భవనాలను, పోర్టును ఫొటో తీయకండి.

ఊళ్లో తిరగడానికి మన ఆటోయే, బజాజి అంటారు. ఫోన్ బయటికి పెట్టి మాట్లాడుతూ కూర్చుంటే బైకు మీద వచ్చి లాక్కుపోతారు. బోడాబోడా అనే బైకు ట్యాక్సీలు ఎక్కొద్దు, పాపతో అయితే అసలే వద్దు. మ్వెండోకాసి బస్సులకు విడిగా దారి ఉంటుంది, కిక్కిరిసి ఉన్నా తొందరగా చేరుస్తాయి. వాహనాలు మనలాగే రోడ్డుకు ఎడమ వైపు పోతాయి కాబట్టి కారు నడపడం అలవాటవుతుంది. ఊరి బయట రాత్రి ప్రయాణం మాత్రం పెట్టుకోకండి. రాత్రి బస్సులను 2023లో మళ్లీ అనుమతించారు, అయినా నేను ఎక్కను. లైట్లు లేని లారీలు రోడ్డు మీద ఆగి ఉంటాయి.

తిరగడానికి మాత్రం ఇంతకన్నా మంచి దేశం దొరకదు. జంతువులకు పేరుపడ్డ సెరెంగెటి పార్కును ముందుగా చూసేయాలన్న ఆత్రం వద్దు. రెసిడెన్స్ పర్మిట్ చేతికి వచ్చేదాకా ఆగితే పెద్ద పార్కుల ప్రవేశ రుసుము దాదాపు సగం అవుతుంది, ముగ్గురికి అది చిన్న మొత్తం కాదు. ఈలోగా రైలెక్కండి. 2024లో మొదలైన కొత్త ఎలక్ట్రిక్ రైలు మొరొగొరో మీదుగా డొడొమా దాకా పోతుంది, బస్సులో రోజంతా పట్టే దారి మూడున్నర నాలుగు గంటల్లో తేలిపోతుంది. మొరొగొరో దాటితే మికుమి పార్కు. హైవేయే పార్కు మధ్య నుంచి పోతుంది, కిటికీలోంచే జిరాఫీలు కనిపిస్తాయి. చల్లదనం కావాలంటే ఉసంబర కొండల్లో లుషోటో. జాంజిబార్‌కు పడవలో రెండు గంటలు. అక్కడ ఆటుపోట్లు పెద్దవి, తూర్పు తీరంలో ఆటు వేళ సముద్రం బాగా వెనక్కి పోయి ఈతకు నీళ్లే ఉండవు, హోటల్ తీసుకునే ముందు ఆ రోజుల పోటు సమయాలు చూడండి. నీళ్లలో ముళ్ల ప్రాణులుంటాయి, రబ్బరు చెప్పులు వేసుకునే దిగాలి. రంజాన్ నెలలో అక్కడ పగటిపూట బహిరంగంగా తినకూడదు, తాగకూడదు. మీ అమ్మానాన్నలు చూడ్డానికి వస్తే జాంజిబార్‌కు తలా 44 డాలర్ల బీమా విడిగా కట్టాలి, 2024 అక్టోబరు నుంచి పెట్టారు.

సెరెంగెటిలో జనవరి, మార్చి మధ్య దక్షిణాన వైల్డ్‌బీస్టు అనే పెద్ద జింకజాతి మందలు ఈనుతాయి, జులై నుంచి సెప్టెంబరు దాకా ఉత్తరాన మారా నది దాటుతాయి. ఏది చూడాలో తేల్చుకుని వెళ్లాలి. విక్టోరియా సరస్సులో ఈత మాత్రం వద్దు, నీళ్లలోని నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఇలాంటి దూరాలకు వెళ్లే ముందు విమానంలో తరలించే సదుపాయం ఉన్న వైద్య బీమా తీసుకోండి, నైరోబీ నుంచి నడిచే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ సభ్యత్వం ఇక్కడివాళ్లు చాలామంది తీసుకుంటారు.

చివరగా మీ ఆవిడా పాపా ఎప్పుడు రావాలన్నది. మీరు ఫిబ్రవరిలో వచ్చి మూడు నెలలంటే మేలో రావాలి. మార్చి నుంచి మే దాకా మసీకా, పెద్ద వానలు. రోడ్లు మునుగుతాయి, వాన వెలిశాక దోమ పెరుగుతుంది, కొత్త ఇంట్లో ఏది కారుతుందో అప్పుడే తెలుస్తుంది. జూన్ చివరికి జరపండి. ఈలోగా జాలీలు బాగు చేయించండి, తెరలు కట్టించండి, ట్యాంకు కడిగించండి, ఇంటికి దగ్గర్లో రాత్రిపూట కూడా ల్యాబు నడిచే ఆసుపత్రి ఏదో చూసి పెట్టుకోండి. పాపకు బడి విషయంలో కూడా ఇదే నయం. అంతర్జాతీయ సిలబస్ బడులు ఆగస్టు, సెప్టెంబరులో మొదలవుతాయి. స్థానిక సిలబస్ జనవరిలో. జూన్ చివర్లో వస్తే పాప చల్లటి రోజుల్లో ఊరికి అలవాటు పడి బడికి పోతుంది. టికెట్లు ఇప్పుడే కొనేసి ఉంటే తేదీ మార్పుకు ఎంత అడుగుతారో కనుక్కోండి, ఎంతైనా మార్చుకోవడమే మంచిది.